‘రంగస్థలం’ – హాస్యకరుణముల సమావేశము

హాస్యమునకు కరుణ భయానకములు విరోధిరసములని ఆలంకారికుల మతము. సాహిత్యదర్పణకారుడు ఈ విరోధమును స్పష్టముగా పేర్కొనినాడు. అంతకు పూర్వమే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున, విరోధిరసములను ఒకే ప్రబంధమున కూర్పవలసి వచ్చినప్పుడు ఆశ్రయమును భేదించుటయో, నడుమ వేఱొక రసమును నిలుపుటయో మార్గమని సూచించెను. ఎన్నికల ప్రచారమధ్యమున జరిగిన హత్యను ఇతివృత్తముగా గైకొని, ప్రేక్షకుని నవ్వించుచు నడచు కథకు ఈ సిద్ధాంతము ఎంతవఱకు వర్తించును? ఈ ప్రశ్నను గోదావరీప్రాంతము నేపథ్యముగా 2018 మార్చి 30వ తేదీన వెలువడిన ‘రంగస్థలం’ చలనచిత్రము నాధారముగా గొని పరిశీలింప దలచితిమి.

చలనచిత్రమును ఇట్టి పత్రికలో చర్చించుట తగునా యని సందేహించువా రుండవచ్చును. దృశ్యకావ్యమును శ్రవ్యకావ్యముతో సమానముగా విమర్శించిన సంప్రదాయము మనది. మఱియు నవ్వుతో లోకదోషమును బయటపెట్టుట ఈ గోదావరీతీరమున పాతపద్ధతి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో ‘వ్యవహారధర్మబోధిని’ని రచించి న్యాయవాదుల అక్రమములను పాత్రల నోటనే పలికించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘గణపతి’యు హాస్యమార్గమునే నడచినది. అయితే ఆ రచనలలో నవ్వునకు గురియగువాడు దోషయుక్తుడు. వాని దోషమే నవ్వునకు హేతువు. ‘రంగస్థలం’లో నవ్వునకు గురియగువాడు నిర్దోషి. అతని లోపము నీతికి సంబంధించినది కాదు, చెవికి సంబంధించినది. ఈ భేదమే చిత్రమునకు ప్రాణమని మా యభిప్రాయము.

దర్శకుడు సుకుమార్ రాజోలు సమీపమునందలి మట్టపఱ్ఱు గ్రామమున జన్మించినవారు. చిత్రరంగప్రవేశమునకు పూర్వము కాకినాడలో గణితమును బోధించినవారు. కథాకాలము 1980ల దశాబ్ది. రంగస్థలమను కల్పితగ్రామమునకు ఫణీంద్రభూపతి 30 సంవత్సరములుగా ప్రెసిడెంటు. సహకారసంఘపు అప్పులు, వడ్డీలు, దొంగలెక్కలు అతని చేతి పాశములు. విదేశమునుండి తిరిగివచ్చిన కుమార్‌బాబు అతనిపై పోటీకి నిలుచును. ఎమ్మెల్యే దక్షిణామూర్తి ఆ పోటీకి అండగా నిలుచును. ప్రచారము సాగుచుండగా కుమార్‌బాబు హతుడగును. తమ్ముడు చిట్టిబాబు హంతకుని వెదకును. ప్రేక్షకుని వేలు ప్రెసిడెంటు వైపే చూపుచుండును. కాని హత్య చేయించినవాడు అండగా నిలిచిన ఎమ్మెల్యేయే. కుమార్‌బాబు తన కుమార్తెను ప్రేమించుట, అతడు తమ కులమువాడు కాకపోవుట, ఇవియే హత్యకు కారణములు.

ఇక హాస్యమును చూతము. చిట్టిబాబునకు వినికిడి తక్కువ. ఇంజనుతో పొలములకు నీరు తోడుట అతని వృత్తి. ధవళేశ్వరమున 1847–52 నడుమ ఆనకట్ట వెలసి కాలువలు పాఱిన డెల్టాలో సైతము మెరకపొలమునకు నీరెక్కింప ఇంజను కావలయును. శబ్దము వినలేని ఈ యువకుని ఊరివారు ‘సౌండ్ ఇంజనీర’ని పిలుతురు. ఆ పిలుపులో ఎగతాళి కలదు, చనవును కలదు. అతడు ఒకటి యడిగిన దానికి మఱియొకటి బదులు చెప్పును. చిన్నమాటను పెద్దగొంతుతో పలుకును. తన చెవుడును ఒప్పుకొనక వినికిడి యంత్రమును దాచుకొనును. విదూషకుని తిండిపోతుతనమువలె ఈ చెవుడు ప్రథమార్ధమున హాస్యమునకు విభావము. ప్రేక్షకులు నిస్సంకోచముగా నవ్వుదురు, మేమును నవ్వితిమి.

హత్యాసన్నివేశమున ఇదియే తలక్రిందులగును. ప్రాణము పోవుచున్న అన్న ఏదియో చెప్పబోవును. తమ్మునకు వినబడదు. అంతవఱకు మనలను నవ్వించిన చెవుడే అచట గొంతు నొక్కునట్లు చేయును. ఆనందవర్ధనుడు సూచించిన ఉపాయములు రెండును ఇచట కనబడవు. ఆశ్రయము మాఱలేదు, చిట్టిబాబే ఉభయత్ర ఆశ్రయము. నడుమ వేఱు రసము నిలువలేదు. ఒకే విభావము మొదట హాస్యమునకును, పిదప కరుణమునకును పనికివచ్చినది. అయినను రసభంగము కలుగలేదు. ఏలయన, ఆ కరుణమున ప్రేక్షకుని పశ్చాత్తాపము మిళితమై యున్నది. మనము దేనిని చూచి నవ్వితిమో దానికే ఇప్పుడు కన్నీరు పెట్టుచున్నాము. మన నవ్వు మనకే తప్పుగా తోచుచున్నది. విరోధము ఇచట పరిహరింపబడలేదు, ప్రయోజనముగా మార్చబడినది.

దర్శకుడు ఇంతటితో తృప్తి చెందలేదు. చిట్టిబాబు చెవిటితనమును ప్రేక్షకునకును అంటగట్టినాడు. చిత్రారంభమున దక్షిణామూర్తి లారీప్రమాదమున స్పృహ కోల్పోవును. చిట్టిబాబు ఆసుపత్రిలో రేయింబవళ్లు సేవచేయును. అది కృతజ్ఞతయని మనము తలంతుము. కథ నడచుకొలది ప్రెసిడెంటు దౌర్జన్యము, ప్రచారపు డప్పులు, గట్లను రెంటిని చూపి ఏ గట్టున నిలుతురని జనము నడుగు ప్రచారగీతము, వీని హోరులో రెండవధ్వని మన చెవి సోకదు. కుమార్‌బాబు ప్రేమవృత్తాంతము కథలో మొదటినుండియు కలదు. ఎమ్మెల్యేయింటి గడపయు కలదు. సాక్ష్యములు దాపబడలేదు, మనము వినలేదు. ఎన్నిక వాచ్యార్థము, కులము వ్యంగ్యార్థము. చెవులు సరిగా నున్న మనకంటె చెవిటి చిట్టిబాబే ఆ వ్యంగ్యమును ముందుగా గ్రహించెను. ఈ చిత్రమునకు 66వ జాతీయ చలనచిత్ర పురస్కారములందు తుది ధ్వనిమిశ్రణమునకై బహుమతి లభించుట ఈ సందర్భమున స్మరింపదగినది.

పంచాయతీ ఎన్నికల స్వరూపము ఈ భ్రాంతికి తోడ్పడినది. చట్టరీత్యా గ్రామపంచాయతీ ఎన్నికలు పార్టీరహితములు. అభ్యర్థి ఒంటరిగా నిలుచును. అండ తెరవెనుక నుండును. అండ ఎవరిదో, ఎంతవఱకో ఊరివారికి తెలిసియు తెలియనట్లుండును. కుమార్‌బాబును చంపినవాడు ఈ తెరవెనుకనే యున్నాడు. ఆ యువకుడు రాజకీయముగా దక్షిణామూర్తికి అక్కఱకు వచ్చినవాడే. అల్లుడుగా మాత్రము పనికిరానివాడు. ఓటునకు అడ్డురాని కులము వియ్యమునకు అడ్డువచ్చినది. చిత్రములోని అత్యంత తీక్ష్ణమైన వ్యంగ్యము ఇదియే.

అయినను ఈ చిత్రమును మేము సంపూర్ణముగా మెచ్చజాలము. మాకు తోచిన ఆక్షేపణలు మూడు.

మొదటిది: హత్యాభారము ప్రెసిడెంటు మీదినుండి తొలగుటతో సహకారసంఘపు దోపిడి వెనుకబడినది. అప్పులపాలైన రైతుల గోడు కథారంభమున ఎంత బలముగా వినిపించినదో తుదకు అంత పలుచనైనది. అయితే దీనికి సమాధానము కలదు. ప్రత్యక్షశత్రువు దుర్మార్గుడగుట చేత పక్కనున్న మిత్రుడు సజ్జనుడని తలచుట పొరపాటని కథ చెప్పదలచినది. ఆ మేరకు ఈ లోపము సహింపదగినదే.

రెండవది ఇంతకంటె గురుతరము. కులహత్యను గూర్చిన ఈ కథలో కులముల పేర్లు వినబడవు. ఆ గ్రామస్థులు భయముచేత ప్రెసిడెంటును పేరుపెట్టి పిలువరు. ఆ పేరును పలికినవాడు కుమార్‌బాబు. పేరు నుచ్చరించుటయే ధైర్యమని బోధించిన చిత్రము తానే కులము పేరు నుచ్చరింపక తడబడినది. కథాకాలమైన ఆ దశాబ్దిలోనే, 1985 జూలై 17న, ప్రకాశంజిల్లా కారంచేడులో దళితులు హత్యకు గురియైరి. ఆ ఘటననుండి తెలుగునాట దళితోద్యమము కొత్తరూపు దాల్చినది. ఆ కాలపు గోడపత్రికలను, సైకిళ్లను, లాంతర్లను శ్రద్ధతో పునర్నిర్మించిన చిత్రము ఈ చరిత్రను మాత్రము పేరులేని నీడగా విడిచినది. విచిత్రమేమనగా, ఇందలి ఒక పాటలో వచ్చిన ‘గొల్లభామ’ యను మాటకు ఒక కులసంఘమువారు అభ్యంతరము తెలిపిరి. అది పురుగు పేరని సమాధానము వచ్చినది. పాటలోని పురుగు పేరున కులము వినబడిన లోకమున, కథలోని హత్యకు కులము పేరు కరవైనది!

మూడవది: దక్షిణామూర్తి కుమార్తెయు ఆ గర్వమునకు బలియైనదే. కాని ఆమె మరణమునకు కథలో తగిన చోటు దొరకలేదు. అన్నకై తమ్ముడు కార్చిన కన్నీటిలో పదవవంతైనను ఆమెకై ఎవరును కార్చినట్లు కనబడదు. ఇది దర్శకుని చెవికిని అందని మాట.

ఇదే గోదావరీతీరమున హత్యను చూపిన మఱియొక చిత్రమును పోల్చి చూచినచో విషయము స్పష్టపడును. ధవళేశ్వరమున జన్మించిన ముళ్లపూడి వెంకటరమణగారు రచింపగా బాపుగారు దర్శకత్వము వహించిన ‘సాక్షి’ (1967) పులిదిండి గ్రామమున చిత్రింపబడినది. అందలి నాయకుడు బల్లకట్టు నడుపువాడు. హత్యను కంటితో చూచి న్యాయస్థానమున చెప్పినవాడు. హంతకుడు పగబట్టి వచ్చినప్పుడు ఊరు అతనిని ఒంటరిగా విడిచినది. అచట చూచినది చెప్పుట ధర్మము. చెప్పినవానికి తోడు నిలువకుండుట ఊరి దోషము. అర్ధశతాబ్ది గడచిన పిదప వచ్చిన ‘రంగస్థలం’లో సాక్షికి మాట వినబడలేదు, వినబడి తెలిసిన పిదపను అతడు న్యాయస్థానమునకు పోలేదు. మొదటి కథ న్యాయస్థానముపై నమ్మకముంచి ఊరిని నిందించినది. రెండవ కథకు న్యాయస్థానము స్ఫురణకే రాలేదు.

కావుననే ముగింపు మాకు ముఖ్యముగా తోచుచున్నది. చిట్టిబాబు హంతకుని బ్రతికించి, మాటవచ్చువఱకు కాచి, అతడు వినగల స్థితిలో నున్నప్పుడు తనకు తెలిసినదంతయు చెప్పి చంపును. పరిచర్యయే పగకు సాధనమైనది. ఇది నవ్వునకును వణకునకును నడుమ నిలిచిన సన్నివేశము. చెవిటివాడు చెప్పుచుండగా చెవులున్నవాడు పడకనుండి కదలలేక వినవలసివచ్చినది. శిల్పదృష్టితో చూచిన ఇంతకంటె తగిన ముగింపు లేదు. ధర్మదృష్టితో చూచిన, సత్యము నలుగురిలో పలుకబడక ఇద్దఱి నడుమనే ముగిసిపోయినది. ఊరికి తెలిసినది ఎన్నికల హత్య, జరిగినది కులహత్య. ఊరికి ఆ నిజమును చెప్పినవారు లేరు.

పరిశోధకవిద్యార్థులకు మేము చెప్పదలచిన దొక్కటి. హాస్యప్రధానమైన అపరాధకథలను ‘కాలక్షేపరచనల’ని పక్కనబెట్టుట మనలో అలవాటు. కాని ఇట్టి కథలలో నవ్వు తఱచు ఒక తెర. తెర వెనుక పలుకబడు మాటను వినుట విమర్శకుని విధి. ‘రంగస్థలం’ ఆ తెరను చాలవఱకు తొలగించినది. కులము పేరును, ఆ కుమార్తె మరణమును మాత్రము తెర వెనుకనే విడిచినది. తొలగినంత మేర దానిని గౌరవించి, తొలగని భాగమును వేలెత్తి చూపుట ఉచితమని భావింతుము.