నోటిమాట, కాగితం, కులం: ఇంగ్లండు సివిల్ కోర్టుల సాక్ష్యం గురించి

ఇంగ్లండు కోర్టు కులం చూడదనే మాట మన చదువుకున్నవాళ్ల నోట తరచుగా వింటుంటాం. అంబేడ్కర్ గ్రేస్ ఇన్‌లో బారిస్టరయిన దేశం గదా, యిక్కడ తహసీల్దారు దగ్గర్నుంచి బెంచి మీద కూర్చున్నవాడి దాకా అంతా ఒక్క తాను గుడ్డలే గానీ అక్కడ రూలంటే రూలే అని వాదిస్తారు. ఆ మాటలో సగం నిజం వుంది. అక్కడ రూలంటే రూలే. కాబట్టి మేము యిక్కడ జడ్జీల మనసుల జోలికి పోవటం లేదు. ఆ రూలు దేన్ని నమ్ముతుంది, దేన్ని నమ్మదు, ఆ నమ్మకం ఎవరికి కలిసొస్తుంది అన్నదే మా ప్రశ్న.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. సివిల్ దావాలో అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు. జరిగివుండటానికే ఎక్కువ వీలుందని తూకం కాస్త మొగ్గితే చాలు. 1995 సివిల్ ఎవిడెన్స్ చట్టం వచ్చాక 'విన్నమాట' సాక్ష్యం చెల్లదనే పాత అడ్డంకి కూడా అక్కడ సివిల్ కేసుల్లో పోయింది. దాని బరువెంతో జడ్జి తేలుస్తాడు. ఇదే ఇంగ్లండు నుంచి స్టీఫెన్ దొర 1872లో మనకు తయారుచేసి పెట్టిన సాక్ష్య చట్టం మాత్రం ఆ అడ్డంకిని కాపాడుతూనే వచ్చింది. దాని స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టమూ దాన్ని వదల్లేదు. ఇచ్చినవాడు వదిలించుకున్న బరువును మనం మోస్తున్నామన్నమాట.

రెండోది, లార్డ్ వుల్ఫ్ నివేదిక తర్వాత 1999 ఏప్రిల్‌లో వచ్చిన సివిల్ ప్రొసీజర్ రూల్సు. వీటి ప్రకారం మామూలు దావాలో ప్రతి పక్షమూ తనకు పనికొచ్చే కాగితాలనే కాదు, తన కేసును దెబ్బతీసే కాగితాలు తన దగ్గరుంటే వాటినీ ఎదుటివాడికి చూపాలి. ఎదుటివాడి బీరువాలోని కాగితం కోసం పిటిషన్ల మీద పిటిషన్లు వేసి అలిసిపోయినవాళ్లకు యిది వింతగానే వుంటుంది. ఉద్యోగ వివాదాలు చూసే ట్రిబ్యునళ్లకు వేరే రూల్సున్నా, సాక్ష్యం విషయంలో అవి యింకా సడలింపుగానే నడుస్తాయి.

మరి చిక్కెక్కడ? కాగితం ఎక్కడ పుడుతుందన్న దగ్గరే చిక్కు.

2013లో జెస్ట్‌మిన్ కేసని ఒకటి వచ్చింది. పెట్టుబడుల గొడవ, మనకేమీ సంబంధం లేనిది. అందులో జస్టిస్ లెగాట్ మనుషుల జ్ఞాపకశక్తి గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పేదంతా చర్చించి, యిట్లాంటి వ్యాపార కేసుల్లో సాక్షుల జ్ఞాపకం మీద ఆధారపడటం వీలైనంత తగ్గించి, ఆనాటి కాగితాల నుంచీ తెలిసిన వాస్తవాల నుంచీ నిజం తేల్చటం మేలన్నాడు. జ్ఞాపకం దావా నడిచేకొద్దీ రంగు మారుతుందట. నిజమే, మారుతుంది. బ్యాంకులూ కంపెనీలూ కొట్లాడుకునేచోట యిది తెలివైన మాటే. ఇద్దరి దగ్గరా కాగితాలు గుట్టలుగా వుంటాయి గదా. కానీ కోర్టుల్లో మంచిమాట పుట్టినచోటే వుండదు. వ్యాపారం కాని కేసుల్లోకీ అది పాకింది. 2019లో కోగన్ కేసులో అప్పీలు కోర్టు కల్పించుకుని, అది అన్ని కేసులకూ సూత్రం కాదు, సాక్షి నోటిమాటను తూచే బాధ్యత నుంచి జడ్జి తప్పించుకోలేడు అని చెప్పాల్సి వచ్చింది.

పాలేరు జీతం లెక్క ఎవరి పుస్తకంలో వుంటుంది? దొర పుస్తకంలో. పాలేరు దగ్గరుండేది జ్ఞాపకమే. 'ఆనాటి కాగితాన్ని నమ్ముదాం' అనే మాటలో పక్షపాతమేమీ కనపడదు. కానీ ఆ కాగితం రాసే చెయ్యి ఎవరిదో అడగనంతవరకే అది నిష్పక్షపాతం.

సాక్షి నోటికి జరిగే యింకొక పని వుంది, దాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లండు సివిల్ కోర్టులో సాక్షి బోనెక్కి తన కథ మొదట్నుంచి చెప్పుకోదు. ముందే రాసిచ్చిన వాంగ్మూలమే ఆమె అసలు సాక్ష్యం. బోనెక్కగానే 'ఇది మీ సంతకమేనా, ఇందులో వున్నది నిజమేనా' అని అడుగుతారు, అవునంటుంది, ఆ వెంటనే ఎదుటి లాయరు అడ్డు ప్రశ్నలు మొదలెడతాడు. అంటే ఆమె నోటి నుంచి కోర్టు వినేవన్నీ శత్రువు ప్రశ్నలకు జవాబులే. కథంతా తన వకీలు భాషలో కాగితం మీద వుంటుంది. వాంగ్మూలం సాక్షి సొంత మాటల్లో వుండాలని రూలు ఎప్పట్నుంచో చెబుతోంది. సాక్షి సొంత భాషలోనే రాయాలని 2020 ఏప్రిల్‌లో స్పష్టం చేశారు. మంచిదే. కానీ ఇంగ్లీషు రాని పనిమనిషి ఒకామె తన బతుకును కుఁడుఖ్‌లోనో, పంజాబీలోనో, తెలుగులోనో చెబితే రాసుకునేవాళ్లూ, తర్జుమా చేసేవాళ్లూ, వాళ్లకు డబ్బిచ్చేవాళ్లూ ఎవరు? రూలుకు దాంతో పనిలేదు.

ఇక అసలు కేసుకొద్దాం. న్యాయ నివేదికల్లో దాని పేరు చంధోక్ వర్సెస్ తిర్కీ. బీహారు నుంచి మిల్టన్ కీన్స్‌లోని ఒక భారతీయ కుటుంబం ఇంటికి పనికి తెచ్చిన ఆదివాసీ క్రైస్తవ స్త్రీ. నాలుగున్నరేళ్లు, వారానికి ఏడు రోజులూ, రోజుకు 18 గంటల చాకిరీ. నేల మీద పరుపేసుకుని పడక. పాస్‌పోర్టు యజమానుల దగ్గర. బైబిలు తెచ్చుకోనివ్వలేదు. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే వుంది గానీ దాని మీద పెత్తనం ఆమెది కాదు. ముట్టిన జీతం లెక్కగడితే గంటకు 11 పెన్నీలు తేలింది. (కోర్టు రాతల్లో ఆదివాసీ అనేది ఒక 'కులం'గా కనపడుతుంది. మనకది మింగుడుపడదు. కానీ ఆమె మీద నడిచిన పెత్తనం ఏ తర్కంతో నడిచిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.)

తన కులం వల్లే తనను యిట్లా చూశారని ఆమె అన్నది. యజమానుల తరఫువాళ్లు జరిగిందా లేదా అన్నదాని జోలికే పోకుండా, 2010 సమానత్వ చట్టం చెప్పే జాతి నిర్వచనంలో కులం లేదు గనక ఆ భాగాన్ని విచారణకు ముందే కొట్టేయమన్నారు. చూడండి యిక్కడి కిటుకు. సాక్ష్యం బలహీనమని కాదు, సాక్ష్యమే వినొద్దని. ఊళ్లో మన మనిషి పంచాయితీ అరుగు దగ్గరకొస్తే 'ముందు చెప్పులిప్పి దూరంగా నిలబడు, తర్వాత చూద్దాం' అన్నట్టు. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2014 డిసెంబర్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా ఒప్పుకోలేదు. చట్టంలో జాతి అనే మాట కింద 'ఎథ్నిక్ మూలాలు' కూడా వున్నాయి, పుట్టుక ద్వారా వచ్చే గుర్తింపు ఆ మాటలో యిమిడే సందర్భాలుండొచ్చు, వాస్తవాలు వినకుండా తేల్చలేం అన్నది. కులం మొత్తంగా చట్టంలో వుందని అది అనలేదు. ఈ తేడాను సంబరపడే మిత్రులు గమనించాలి. గెలిచింది కులం కాదు, వినిపించుకునే హక్కు.

2015 సెప్టెంబర్‌లో తీర్పొచ్చింది. 'ఇంట్లో మనిషిలా చూసుకున్నాం' అనే వాదన నిలబడలేదు. కనీస వేతనాల చట్టం కింద రూల్సులో యింటి మనిషిలా వుండే పనివాళ్లకు కనీస వేతనం యివ్వనక్కర్లేదనే మినహాయింపు అప్పట్లో వుండేది. దాని మీదే వాళ్లు ఆధారపడ్డారు. ఆ మినహాయింపు 2024 ఏప్రిల్ 1న గానీ పోలేదు. ట్రిబ్యునల్ వేతన బకాయి కిందే సుమారు 1,84,000 పౌండ్లు యివ్వమన్నది. వేధింపూ, మత వివక్షా కూడా జరిగాయని తేల్చింది. మేము అంటున్నది యిది: ఖాతా పుస్తకాన్ని చూసి ఆగిపోకుండా, ఆ ఖాతా ఎవరి చేతిలో వుందని అడిగారు గనకే ఆమె గెలిచింది. నోటిమాటను విని కాగితాన్ని చదివారు, కాగితాన్ని పెట్టుకుని నోరు మూయించలేదు. ఇంగ్లండు సాక్ష్య పద్ధతిలో ఆ పనికి చోటుందన్నమాట. ఐతే ఆ చోటు యిరుకు, దాన్ని యింకా యిరుకు చేసే పనీ అప్పటికే జరిగిపోయింది.

అదేమిటో చెబుతాం. 2013లో పార్లమెంటు ఎంటర్‌ప్రైజ్ అండ్ రెగ్యులేటరీ రిఫార్మ్ చట్టం చేసింది. అందులో 97వ సెక్షన్ సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. దళిత సంఘాలు ఏళ్లతరబడి చేసిన పోరాటానికి దక్కిన గెలుపని దాన్ని అందరం రాసుకున్నాం, మాట్లాడుకున్నాం. అదే చట్టం 66వ సెక్షన్‌లో ఏముందో ఎంతమందిమి చదివాం? వివక్షకు గురయినవాళ్లు దావాకు ముందే ప్రత్యర్థికి ప్రశ్నలు రాసి పంపే పద్ధతి ఒకటి వుండేది. ఎంతమందిని తీసుకున్నారు, ఎవరిని పక్కన పెట్టారు, ఎందుకు అని అడగొచ్చు. జవాబివ్వకపోయినా, దాటవేసినా, ట్రిబ్యునల్ దాన్ని ప్రత్యర్థికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. కాగితం లేనివాడు కాగితం ఉన్నవాడి చేత రాయించుకునే సాధనం అది. వ్యాపారాలకు భారమని చెప్పి 66వ సెక్షన్ దాన్ని ఎత్తేసింది. 2014 ఏప్రిల్ నుంచి అది లేదు. కులం అనే మాట యిస్తామని ఒక చేత్తో చూపించి, కులాన్ని రుజువు చేసే పనిముట్టును రెండో చేత్తో లాగేసుకున్నారు. మాట కూడా రాలేదు. 2017లో అభిప్రాయాలడిగారు, 16 వేలకు పైగా జవాబులొచ్చాయి. 2018 జూలైలో, చట్టంలో చేర్చం, కోర్టు తీర్పులే చూసుకుంటాయి అన్నారు. దానికి చూపించిన ఆధారం పైన చెప్పిన ఆదివాసీ స్త్రీ కేసే. సర్కారు చేయాల్సిన పనిని పనిమనిషి దావా నెత్తిన పెట్టడం యిది.

తీర్పులకు వదిలేయటమంటే ఏమిటి? ప్రతి మనిషీ మళ్లీ మొదటినుంచీ రుజువు చేసుకోవటం. సమానత్వ చట్టం 136వ సెక్షన్ రుజువు భారాన్ని కొంత మారుస్తుంది. వివక్ష అనుకోవటానికి వీలైన వాస్తవాలు చూపిస్తే, కాదని నిరూపించాల్సింది ప్రతివాదే. వినటానికి బాగుంటుంది. కానీ ఆ మొదటి వాస్తవాలు ఎక్కడ్నుంచి తేవాలి? 2021లో సుప్రీంకోర్టు రాయల్ మెయిల్ కేసులో యిదే తేల్చింది. నైజీరియాలో పుట్టిన పోస్ట్‌మ్యాన్ ఒకాయన 30కి పైగా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టి దేనికీ ఎంపిక కాలేదు. ఎంపిక చేసినవాళ్లను కంపెనీ సాక్షులుగా తేలేదు. ఐనా మొదటిమెట్టు రుజువు బరువు దావా వేసినవాడిదేననీ, సాక్షులు రానంత మాత్రాన వ్యతిరేకంగా అనుకోవాల్సిన పనిలేదనీ కోర్టు చెప్పింది. ఎంపికయినవాళ్లు ఎవరో, వాళ్ల జాతేమిటో ఆయనకెట్లా తెలుస్తుంది? ఆ రద్దయిన ప్రశ్నల కాగితం వుంటే అడిగేవాడు.

కులానికొస్తే యిది యింకా కష్టం. చర్మం రంగు జడ్జికి కనపడుతుంది. కులం ఇంటిపేరులో, ఊరిపేరులో, తినే తిండిలో, 'మీరేవిట్లు?' అనే ప్రశ్నలో వుంటుంది. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో తెలుగువాళ్ల గదిలో చేరేటప్పుడు 'ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు' అని ఎంత తియ్యగా అడుగుతారో మనకు తెలుసు. దానికి రసీదు వుండదు. రేపు కోర్టులో 'ఆమె కులమేదో నాకు తెలియనే తెలియదు' అంటే? మన అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ యిక్కడే పనికొస్తుంది. నిందితుడికి బాధితురాలితో గానీ ఆమె కుటుంబంతో గానీ పరిచయముంటే కులం తెలుసనే కోర్టు అనుకోవాలి, తెలియదని వాడే రుజువు చేసుకోవాలి. అది క్రిమినల్ చట్టం, దాని అమలు సంగతి మనకు తెలిసిందే. ఐనా కులం ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాళ్లు రాసిన రూలు అది. ఇంగ్లండు సాక్ష్య నియమాల్లో అట్లాంటిది లేదు. నిపుణుల సాక్ష్యం తెచ్చుకోవచ్చు గానీ, కులం అనుభవించినవాడు సాక్షి అవుతాడు, దాని మీద పుస్తకం రాసినవాడు నిపుణుడవుతాడు.

డబ్బు సంగతి ఎక్కువ రాయం. 2013 జూలై నుంచి 2017 జూలై దాకా ట్రిబ్యునల్‌లో వివక్ష కేసు విచారణ దాకా పోవాలంటే 1,200 పౌండ్లు ఫీజు కట్టాల్సి వచ్చింది, కేసులు దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయాయి. యూనిసన్ యూనియన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ ఫీజు చట్టవిరుద్ధమని కొట్టేసింది. ఆ నాలుగేళ్లలో అసలు వేయని కేసుల్లో కులం కేసులెన్నో ఎవరూ లెక్కించలేరు.

ఇంకో మాట, అక్కడికి చదువులకూ పనులకూ పోతున్న మన పిల్లల కోసం. వివక్ష కేసులకు ట్రిబ్యునల్‌లో గడువు ఏళ్లతరబడి మూడు నెలలే వుంటూ వచ్చింది. జరిగిన వెంటనే యూనియన్‌లో గానీ ఉచిత న్యాయ సలహా కేంద్రంలో గానీ గడువెంతో అడగాలి. రెండోది, సివిల్ ప్రొసీజర్ రూల్సులో 31.4 చదవండి. డాక్యుమెంటు అంటే ఏ రూపంలోనైనా సమాచారం నమోదయి వున్న ఏదైనా అని అందులో వుంది. కాగితమే కానక్కర్లేదు. గదిలో 'మీరేవిట్లు' అని అడిగిన రాత్రి ఊళ్లో వున్న అమ్మకు ఫోన్లో ఏడుస్తూ పంపిన మాట, తేదీతో సహా, ఆ రూలు ప్రకారం డాక్యుమెంటే. దాన్ని తుడిచేయకండి.