వాల్యూమ్ ముట్టుకోకుండా వినాల్సిన ఆల్బమ్

ఆల్బమ్ మీద అభిప్రాయం రాయాలంటే ఎన్నిసార్లు వినాలి? పదిసార్లు విన్నాకే నోరు విప్పాలనే పెద్దమనుషులు కొందరైతే, మొదటిసారి విన్న వేడిలోనే రాసేయాలనేవాళ్లు ఇంకొందరు. రెండో వర్గం వాదనలోనూ బలముంది. పదిసార్లు విన్నాక చెవి రాజీపడిపోతుంది. మొదట్లో గుచ్చుకున్నది కూడా ఇంపుగానే అనిపిస్తుంది. అయితే ఈ రెండో వర్గానికి చుక్కలు చూపించే ఆల్బమ్ ఒకటుంది. కింగ్ క్రిమ్సన్ 1973 మార్చిలో విడుదల చేసిన ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్’.

ఇది ఆ లండన్ బ్యాండ్‌కు రెండో జన్మ లాంటిది. 1969లో మొదటి ఆల్బమ్‌తోనే ప్రోగ్రెసివ్ రాక్‌కు దారి వేసిన బృందంలో 1972 నాటికి మిగిలింది గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే. ఆయన మళ్లీ మనుషుల్ని పోగేశాడు. ‘యెస్’ బ్యాండ్ వెలిగిపోతున్న రోజుల్లో దాన్ని వదిలేసి డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ వచ్చాడు. ‘ఫ్యామిలీ’ నుంచి బాసిస్టు, గాయకుడు జాన్ వెటన్ వచ్చాడు. వయొలిన్ పట్టుకుని డేవిడ్ క్రాస్ చేరాడు. వీళ్లందరికీ తోడు జేమీ మ్యూర్. రేకులు, గొలుసులు, ఆటబొమ్మలు, ఈలలు... శబ్దం చేసేది ఏదైనా ఆయనకు వాయిద్యమే.

ఆల్బమ్ ఆన్ చేయగానే రాక్ వినపడదు. ఆఫ్రికా బొటనవేలి వాద్యం కలింబా సన్నగా మోగుతూ ఉంటుంది, వెనక చిరుగంటల సవ్వడి. ఏమీ వినపడటం లేదే అనుకుంటూ శ్రోత వాల్యూమ్ పెంచుతాడు. దాదాపు మూడు నిమిషాలు ఇదే వరస. తర్వాత వయొలిన్ గుసగుసగా మొదలవుతుంది, గిటార్ దూరం నుంచి నడిచి వస్తుంది, ఆ వెంటనే బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గిస్తాడు. కాసేపటికి మళ్లీ వయొలిన్ ఒంటరి అవుతుంది, అతను మళ్లీ పెంచాల్సి వస్తుంది. పదమూడున్నర నిమిషాల మొదటి ట్రాక్‌లో ఇదే తంతు. అందుకే తొలి వినికిడిలో చాలామందికి మిగిలేది చిరాకు.

ఆ చిరాకు పొరపాటున పుట్టింది కాదు. జానర్లు కలిపే సంగీతకారులు సాధారణంగా అతుకు కనపడకుండా చూసుకుంటారు. బెంగళూరు బ్యాండ్ ‘అగమ్’ హంసనాదంలోని త్యాగరాజ కృతి ‘బంటురీతి కొలువు’ను రాక్‌లోకి తెచ్చినప్పుడు కృతి మధ్యలో నిలబడింది, గిటార్లు, డ్రమ్స్ దాని చుట్టూ తిరిగాయి. రాగం పట్టుకున్న శ్రోతకు దారి తప్పే భయం లేదు. ఫ్రిప్ బృందం అలాంటి పట్టుకొమ్మ ఏదీ ఇవ్వదు. హంగరీ స్వరకర్త బార్టోక్‌ను గుర్తుచేసే వయొలిన్, హెవీ మెటల్‌కు తీసిపోని రిఫ్, లెక్కాపత్రం లేని ఇంప్రొవైజేషన్, మృదువైన పాట పక్కపక్కనే ఉంటాయి. అతుకులు బయటికే కనపడతాయి. ఒకదాని తర్వాత ఇంకొకటి వచ్చినప్పుడు తగిలే కుదుపే ఇక్కడ సంగీతం.

అలాగని అంతా కుదుపులే కాదు. ‘బుక్ ఆఫ్ సాటర్‌డే’ మూడు నిమిషాల లోపే ముగిసే చక్కటి పాట. ‘ఎగ్జైల్స్’లో వెటన్ గొంతు, క్రాస్ వయొలిన్ ఒకదాన్నొకటి ఓదార్చుకుంటున్నట్టుంటాయి. ‘ఈజీ మనీ’ మధ్య భాగం మాత్రం మొదటిసారి వింటే సాగదీసినట్టే ఉంటుంది. మ్యూర్ చేసే వింత శబ్దాల మీద చెవి పెడితేనే కాలం గడుస్తుంది.

అసలు పనితనం చివరి రెండు ట్రాకుల్లో ఉంది. ‘ద టాకింగ్ డ్రమ్’ గాలి హోరుతో మొదలవుతుంది. చేతి డ్రమ్ము, ఆ తర్వాత ఒకే వరస పట్టుకున్న బాస్, దాని మీద వయొలిన్, గిటార్. ఏడు నిమిషాలకు పైగా శబ్దం అంగుళం అంగుళం పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా వెనక్కి తగ్గదు. ఇక భరించలేమనుకున్న చోట చెవులు చిల్లులు పడే అరుపు ఒకటి వినిపించి, ఆ అరుపు మీదే, ఆల్బమ్ పేరే పెట్టుకున్న మొదటి ట్రాక్‌కు రెండో భాగం మొదలైపోతుంది. దాని ప్రధాన రిఫ్‌కు నాలుగేసి చొప్పున తాళం వేయబోతే చెయ్యి తప్పుతుంది, పది లెక్కపెడితే కుదురుతుంది. మన తాళాలు తెలిసిన చెవికి ఇక్కడ పాశ్చాత్య శ్రోత కంటే కాస్త వెసులుబాటే.

ఆల్బమ్ బయటికొచ్చేసరికి మ్యూర్ బ్యాండ్‌లో లేడు. సంగీతం పక్కనపెట్టి స్కాట్లండ్‌లోని బౌద్ధ మఠానికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు అదే ఊపులో 1974లో ఇంకా రెండు స్టూడియో ఆల్బమ్‌లు తెచ్చారు. వాటిలో ‘రెడ్’ రికార్డింగుకు క్రాస్ కూడా పూర్తి సభ్యుడిగా లేడు.

మొదటి వినికిడికి తీర్పు చెప్పమంటే ఇంతే: ఎల్పీ రెండో వైపు మొదటి వైపు కంటే బలమైనది, మొదటి ట్రాక్ అన్నిటికంటే సాహసం చేసింది, ‘ఈజీ మనీ’ రెండు నిమిషాలు తగ్గినా నష్టం లేదు. కొత్తగా వినబోయేవాళ్లు షఫుల్ ఆపేయండి. రిఫ్ పడే చోట భరించగలిగేంత వాల్యూమ్ ముందే పెట్టుకుని, 46 నిమిషాలూ దాన్ని ముట్టుకోకండి.