అడ్మిషన్ రిజిస్టర్లో సైనికుడు

ఇంగ్లాండులో పాత బడులకు వెళితే, పిల్లలు ప్రార్థనకు నిలబడే హాల్లో ఒక ఇత్తడి పలకో చెక్క పలకో కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ బడి పిల్లల పేర్లు దాని మీద ఉంటాయి. అవీ పూర్తి పేర్లు కావు. జె. స్మిత్, డబ్ల్యు. టేలర్ అని ఒక పొడి అక్షరం, ఒక ఇంటిపేరు. వయసుండదు, రెజిమెంటు ఉండదు, ఎక్కడ పోయాడో ఉండదు. ఈ జె. స్మిత్ జానా, జేమ్సా, జోసెఫా? కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఆ పేరు కొడితే వందలకు వందల మంది వస్తారు. మన బడి కుర్రాడు వాళ్లలో ఒక్కడు. వాణ్ని పట్టుకోవడమే కొన్నేళ్లుగా నేను మనసు పెట్టి చేస్తున్న పని.

నేను లెక్కల మాస్టార్ని. రిటైరయ్యాక ఏడాదిలో కొంతకాలం మాంచెస్టర్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. అక్కడి ఊరి చరిత్ర సంఘం వాళ్లు ఒక పాత ఎలిమెంటరీ స్కూలు పలక మీది పేర్లు వెతుకుతున్నారని తెలిసి వెళ్లి కలిశాను. సర్వీసంతా అడ్మిషన్ రిజిస్టర్లు రాసినవాణ్నని చెబితే సంతోషంగా చేర్చుకున్నారు. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది సైన్యం కాగితాలతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది బడి బీరువాలో.

అక్కడి రిజిస్టర్ మనదానికి దూరమేమీ కాదు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, వీధి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ, మానేసిన కారణం. ఆ వైపంతా నూలు మిల్లుల ప్రాంతం. పన్నెండేళ్లు నిండిన పిల్లలు ఒక పూట మిల్లుకు, ఒక పూట బడికి వెళ్లేవారు. కాబట్టి కారణం దగ్గర ఎక్కువగా కనిపించేది పనిలో చేరాడన్న మాటే. రిజిస్టర్తో పాటు హెడ్మాస్టర్ల లాగ్ బుక్కు ఉంటుంది. 1860లలో ప్రభుత్వం పెట్టిన నియమం అది. ఏ రోజు వాన పడి హాజరు తగ్గింది, ఎవరికి మశూచి వచ్చింది అన్నీ అందులో రాసుకునేవారు. యుద్ధం నాలుగేళ్లూ అందులోనే, అవే సిరా గీతల మధ్య, పాత విద్యార్థి ఫలానావాడు చనిపోయినట్టు తెలిసింది అని ఒక వాక్యం వస్తుంది. మర్నాటి వాక్యం మళ్లీ హాజరు గురించే. ఆ హెడ్మాస్టరుకు అంతకంటే రాయాలని లేక కాదు. అది ఎలాంటి పుస్తకమో రాసినవాళ్లకు తెలుసు.

తండ్రి పేరూ వీధీ దొరికాయంటే 1911 జనాభా లెక్కలు తీయొచ్చు. ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితం ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లో గదులెన్ని, ఎవరు ఏ పని చేస్తారు, ఆ ఇల్లాలికి పుట్టిన పిల్లలెందరు, బతికి ఉన్నదెందరు, పోయినదెందరు అని గడులు. యుద్ధం రాకముందే, పోయినవాళ్ల గడిలో మూడు, నాలుగు అని అంకె వేసి ఉన్న ఇళ్లున్నాయి. మిగిలిన ఒక్క మగపిల్లాడే మన పలక మీద ఉన్నాడని తేలినప్పుడు, ఆ పూట నేను ఇంకో పేరు వెతకలేను.

ఆ తర్వాతే సైన్యం కాగితాలు. అక్కడ పెద్ద గండి ఉంది. లండన్లో వాటిని దాచిన గోదాము మీద 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబు పడింది. మామూలు సిపాయిల కాగితాల్లో దాదాపు 60 శాతం కాలిపోయాయి. మిగిలినవాటికి అంచులు మాడి ఉంటాయి, మంటలార్పిన నీటి మరకలుంటాయి. మన కుర్రాడి భర్తీ కాగితం బతికి ఉండడం అదృష్టమే. అందులో ఎత్తు, ఛాతీ కొలత, ఒంటి మీది గుర్తులు రాసే గడి ఉంటుంది. పదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిపించి, కుడి మోచేతి కింద పుట్టుమచ్చ అని రాసుకున్న చేతులివి. ఆ గడి చదివినప్పుడు నాకు సైనికుడు కనిపించడు, చెయ్యి చాపి నిలబడ్డ విద్యార్థి కనిపిస్తాడు.

కాగితం కాలిపోతే వేరే దారులు పట్టాలి. పతకాల సూచిక కార్డులున్నాయి. చనిపోయిన సిపాయికి రావలసిన జీతం ఎవరికి ఇచ్చారో రాసిన ఖాతా పుస్తకాలున్నాయి. ఆ ఖాతాలో తల్లి పేరు ఉండి, అదే పేరు జనాభా లెక్కల కాగితంలోనూ ఉంటే అక్కడ ఊపిరి పీల్చుకుంటాను. పటాలం వార్ డైరీలు ఉన్నాయి గానీ, వాటిలో సాధారణంగా అధికారుల పేర్లే రాసేవారు. మిగతావాళ్లు ఇతర శ్రేణులు ఇంతమంది అనే లెక్కలో కలిసిపోతారు.

పలక మీది పేర్లకు ఒక్కొక్కటిగా తేదీలు వేస్తూ పోతే కొన్ని తేదీలు గుంపుగా వస్తాయి. 1916 జులై 1 అలాంటిది. ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర ఆ ఒక్క రోజు 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఒకే వీధివాళ్లు, ఒకే మిల్లువాళ్లు, ఒకే బడివాళ్లు కలిసి చేరితే కలిపే ఉంచుతామని చెప్పి భర్తీ చేసుకున్న పటాలాలు చాలా ఉన్నాయి ఆ రోజు. అక్రింగ్టన్ పటాలం అందులో ఒకటి, మేమున్న వైపుదే. మాట నిలబెట్టుకున్నారు, కలిపే ఉంచారు. రిజిస్టర్లో ఒకే పేజీలో పక్కపక్క వరసల్లో చేరిన పిల్లలకు చనిపోయిన తేదీ కూడా ఒకటే అయిందంటే కారణం అదే.

వెతికినంత మాత్రాన దొరకాలని లేదు. రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్ 1915 సెప్టెంబరులో ఫ్రాన్సులోని లూస్ దగ్గర పోయాడు. పద్దెనిమిదేళ్లవాడు. చూపు ఆనదని సైన్యం వద్దంటే తండ్రే పలుకుబడి వాడి చేర్పించాడు. ఆ తండ్రి యుద్ధ సమాధుల కమిషన్లోనే పనిచేశాడు, అయినా 1936లో తాను పోయేదాకా కొడుకు సమాధి ఏదో తెలియలేదు. కమిషన్ దాన్ని గుర్తించింది 1992లో. ఆ తర్వాత కూడా అది జాన్‌దేనా అని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. అందుకే నాది ఒకటే పట్టుదల. తండ్రి పేరో తల్లి పేరో కలవకపోతే మా జాబితాలో ఆ పేరు పక్క గడి ఖాళీగా ఉండాలి. వేరే తల్లి కొడుకును తెచ్చి ఈ బడి పేరు కింద పెట్టడం కంటే ఖాళీ గడి మర్యాద.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. 1918లో ఆ కమిషన్‌కు ఫ్రెడరిక్ కెన్యన్ ఇచ్చిన నివేదిక ప్రకారం చనిపోయిన సైనికులందరికీ హోదా భేదం లేకుండా ఒకే తీరు రాయి, ఒకే గౌరవం. గొప్ప సూత్రం. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ దగ్గర 1927లో తెరిచిన స్మారకంలో 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు చెక్కారు. రెండేళ్ల తర్వాత ఇరాక్‌లో తెరిచిన బస్రా స్మారకంలో బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు, భారతీయుల్లో అధికారులకు చెక్కారు. మన సిపాయిలకు మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేశారు. 2021లో కమిషనే వేయించిన విచారణ ఈ వివక్షను నిర్ధారించింది. కనీసం 1,16,000 మంది, ఎక్కువగా ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో పనిచేసినవాళ్లు, ఎక్కడా పేరుతో స్మరణకు నోచుకోలేదని తేల్చింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మన దేశంలోనూ ఆ యుద్ధం తర్వాత చాలా ఊళ్లలో పాలరాతి పలకలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని, అంతే. వెతకడానికి ఒక పొడి అక్షరం కూడా వదలలేదు.

అంకె నుంచి మనిషి దగ్గరకు దారి ఉందా? కొంత ఉంది. రాతి మీద చెక్కకపోయినా కమిషన్ పుస్తకాల్లో భారత సైనికుల పేర్లున్నాయి. కొన్నిటి పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉన్నాయి. కానీ అవి ఆనాటి గుమాస్తా చెవికి వినబడిన స్పెల్లింగులు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. శ్రీకాకుళం అని వెతికితే ఏమీ రాదు, ఊరి పేరు చికాకోల్ అని, జిల్లా గంజాం అని వెతకాలి, ఎందుకంటే 1914లో అది గంజాం జిల్లాలో ఉండేది. ఇది మాంచెస్టర్ చరిత్ర సంఘం చేయగల పని కాదు. ఆ ఊళ్ల పేర్లు నోట పలికినవాళ్లే చేయాలి.

నా పాత విద్యార్థి ఒకడు సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మా ముత్తాత ఒకాయన బస్రా ఎల్లి మరి రాలేదంట. పేరు అప్పలస్వామి. ఎక్కడైనా ఉంటాడా మాస్టారూ?"

"బడికి వెళ్లాడా బాబూ?"

"వేలిముద్రేనండి మాస్టారూ."

అక్కడితో నా మొదటి పుస్తకం మూసుకుపోయింది. ఆ ఇంగ్లాండు మిల్లు కుర్రాడికి నిర్బంధ చదువు ఇచ్చిన రిజిస్టర్ ఈయనకు లేదు. మరి పేరెలా తెలుసని అడిగాను. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు పిలుస్తారట. ఒక్కొక్కరినీ పేరు పెట్టి, వరస చెప్పి పిలుస్తారు. "సింహాచలం కొడుకు అప్పలస్వామి" అని ఇంట్లో ఆడవాళ్లు నూరేళ్లుగా పిలుస్తూనే ఉన్నారు. తండ్రి పేరు దొరికేసింది! ఏ ప్రభుత్వమూ రాయని రిజిస్టర్ ఆ నడింట్లో ఉంది.

జాబితాలన్నీ తిప్పాం. తండ్రి పేరు కలిసిన ఒకాయన తగిలాడు, తాలూకా మాత్రం వేరు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడైనా ఆ తాలూకా నుంచి వలస వచ్చారేమోనని నా విద్యార్థి ఇంటి పెద్దల్ని అడుగుతున్నాడు. అది తేలేవరకు అప్పలస్వామి గడి ఖాళీయే.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది, తన సైనికులకు స్మారకం కట్టుకున్న ఊరు. అలాంటి చోట ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కడు వెళ్లిన ఊళ్ల సంగతే నాకు బెంగ. ఇప్పుడు సంక్రాంతికి పేర్లు పిలిచే నాయనమ్మలు ఇంకొన్నేళ్లే ఉంటారు. ఊళ్లో హైస్కూలు మాస్టార్లకు నాదొక మనవి. ఈసారి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక కాగితం ఇవ్వండి. పండగనాడు ఇంట్లో ఎవరెవరిని పిలుస్తారు, ఎవరి కొడుకని పిలుస్తారు, వాళ్లలో మిలిటరీకి వెళ్లి రానివాళ్లున్నారా అని అడిగి రాసుకురమ్మనండి. తండ్రి పేరు గడి తప్పకుండా పెట్టండి.