ఈ రోడ్డు ఎటు కలుస్తుంది?

ప్లాటు కొనడానికి వెళ్లినవాళ్లు ఫేసింగ్ చూస్తారు, వీధిశూల ఉందేమో చూస్తారు, ముందున్నది ముప్పై అడుగుల రోడ్డా నలభై అడుగులదా అని అడుగుతారు. అవతలి కొసన ఆ రోడ్డు దేనిలో కలుస్తుందని అడిగేవాళ్లు తక్కువ. నగరం తలరాతను తేల్చేది ఆ ప్రశ్నే.

పాతబడిన ఇంటిని పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. రెండువైపులా రిజిస్ట్రేషన్లు అయిపోయాక వీధిని కదిలించడం మహా కష్టం. 1591లో చార్మినార్ దగ్గర కలిపిన నాలుగు దారుల మీదే పాతబస్తీ ఇప్పటికీ నడుస్తోంది.

వీధులు ఒకదానితో ఒకటి ఎంతగా కలుస్తున్నాయో అమెరికాలో లెక్కగట్టి చూశారు. 1920 నుంచి 2012 దాకా పడిన వీధులపై క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. వాళ్ల కొలత తేలికైనది: ఒక్కో కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయి? చౌరస్తాకు నాలుగు, డెడ్ ఎండ్‌కు ఒకటి. సగటు పడిపోతుంటే నగరం అడ్డదిడ్డంగా పరుచుకుంటోందన్నమాట. సొంత కార్లు ఇంటింటికీ రాకముందే ఆ ధోరణి మొదలైంది. 1994 ప్రాంతంలో తారస్థాయికి చేరి, ఆపైన తగ్గుముఖం పట్టింది.

న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. 1929లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ రూపొందించిన ఆ కాలనీలో కార్ల దారి ఇళ్ల దగ్గరే ఆగిపోతుంది. పిల్లలు బండ్ల కింద పడకూడదన్నది వాళ్ల తపన. అందుకే నడిచేవాళ్లకు పార్కుల గుండా, రోడ్డు కిందుగా వేరే బాటలు వేశారు. తర్వాత వచ్చిన కాలనీలు చాలావరకు మూసిన రోడ్డును తీసుకుని, కాలిబాటను వదిలేశాయి. నష్టమంతా అక్కడే జరిగింది.

హైదరాబాద్ పడమటి శివార్లలో ఇదే కనిపిస్తుంది. వెంచర్ పక్కన వెంచర్, నడుమ గోడ. గోడ అవతలి ఆస్పత్రికి పోవాలన్నా మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తీసుకుని రావాలి. పాలప్యాకెట్‌కు వెళ్లే స్కూటరూ, ఆఫీసుకు వెళ్లే బస్సూ అదే రోడ్డు మీద పడితే ట్రాఫిక్ ఆగకేం చేస్తుంది? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ బాధను తీర్చలేదు. పక్కపక్క కాలనీలను కలపడం దాని పని కాదు. అందుకే ప్రభుత్వం లింక్ రోడ్ల పేరిట విడిగా డబ్బు పెట్టి, తెగిన దారులను ఒక్కొక్కటిగా అతకాల్సి వచ్చింది.

వర్జీనియా రాష్ట్రం 2009లో షరతు పెట్టింది: కొత్త కాలనీ వీధుల నిర్వహణను ప్రభుత్వం చేపట్టాలంటే అవి చుట్టుపక్కల వీధులతో కలవాలి. కొన్నేళ్లకే దాన్ని సడలించారు, అది వేరే సంగతి. మన దగ్గరా లేఅవుట్ రోడ్లను గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగిస్తారు. ఆ కాగితం తీసుకునే ముందు అధికారులు సైటు చివరిదాకా నడిచి, రోడ్డు పక్క పొలం వైపు తెరిచి ఉందో లేదో చూడాలి. గోడ అడ్డం ఉంటే ఆ లేఅవుట్‌ను వెనక్కి పంపాలి.