కాయిల్ తీగకు బదులు కాదు

హైదరాబాద్ కూకట్‌పల్లిలో 200 గజాల్లో కట్టిన అపార్ట్‌మెంటు డాబా ఎంత ఉంటుంది? స్థలమే 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. చుట్టూ వదిలిన ఖాళీ తీసేస్తే డాబా ఇంకా చిన్నది. 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడాలనుకునే హ్యామ్‌కు, అంటే అమెచ్యూర్ రేడియో హాబీదారుకు, కావలసిన మామూలు డైపోల్ యాంటెన్నా పొడవు 20 మీటర్లు, అంటే 66 అడుగులు. ఈ మూల నుంచి ఆ మూలకు లాగినా చాలదు, పైగా మధ్యలో లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకులు, సోలార్ హీటర్లు అడ్డం. 3.6 మెగాహెర్ట్జ్ అయితే ఆ పొడవు దాదాపు రెట్టింపు. సోమాజిగూడలో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నడుస్తున్న నగరం ఇది. 2004 డిసెంబర్ 26న సునామీ కొట్టినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచానికి కబురు చేర్చినది ఆ సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందమే. అలాంటి హాబీని మేడల మధ్య బతికించుకోవాలంటే పిట్టగోడకు బిగించిన పొట్టి రాడ్, దానికో లోడింగ్ కాయిల్ తప్ప దారి లేదని చాలామంది స్థిరపడ్డారు. ఆ దారిని నేను కాదనడం లేదు. కాయిల్ ఏం చేస్తుందన్న దాని మీద ప్రచారంలో ఉన్న నమ్మకంతోనే నా పేచీ.

ఆ నమ్మకం ఇది: 10 మీటర్లు ఉండాల్సిన నిలువు యాంటెన్నాను రెండున్నర మీటర్లకు కుదించి, మిగతా ఏడున్నర మీటర్ల తీగను కాయిల్‌గా చుట్టేస్తే లెక్క సరిపోతుందట. చుట్టినా తీగ తీగే కదా అన్నది వాదన. వినడానికి బాగుంది కానీ నిజం కాదు. యాంటెన్నా నుంచి తరంగం బయలుదేరేది నిటారుగా నిలిచిన లోహంలో కరెంటు పారినప్పుడు. ఎంత కరెంటు, ఎంత ఎత్తున పారిందన్నదే ముఖ్యం. పొట్టి రాడ్‌లో అడుగున నిండుగా ఉన్న కరెంటు పైకొనకు వెళ్లేసరికి సున్నా అవుతుంది, సగటున సగమే పనిచేస్తుంది. అంత పొట్టి రాడ్ ట్రాన్స్‌మిటర్‌కు చిన్న కెపాసిటర్‌లా కనిపిస్తుంది. కాయిల్ ఆ కెపాసిటర్ అడ్డును రద్దు చేసి కరెంటు లోపలికి వెళ్లేలా తలుపు తీస్తుంది, అంతే. పోయిన ఏడున్నర మీటర్ల ఎత్తును అది తిరిగి తేలేదు. బిగుతుగా చుట్టిన చిన్న కాయిల్‌లో అడుగున ఎంత కరెంటు ప్రవేశిస్తుందో పైనుంచి దాదాపు అంతే బయటికి వస్తుంది. చేంతాడంత పొడవు చుట్టిన కాయిల్‌లో అయితే చుట్టూ ఉన్న గాలిలోకి కొంత కారిపోయి పైన కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలను చూపించి, కాయిల్ పోయిన పొడవంతటికీ సమానమైందనడం తొందరపాటు.

లెక్క వేసి చూద్దాం. 7.1 మెగాహెర్ట్జ్ మీద రెండున్నర మీటర్ల రాడ్‌కు రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే నిజంగా గాలిలోకి పోయే శక్తికి నిలిచే రెసిస్టెన్స్, దాదాపు 1.4 ఓమ్‌లు. పూర్తి పొడవున్న నిలువు యాంటెన్నాకు అది 36 ఓమ్‌ల పైచిలుకు. వేలి మందం రాడ్ అయితే అడుగున 20 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. బాగా చుట్టినదానిలో కూడా నాలుగున్నర ఓమ్‌ల నష్టం ఉంటుంది. నేల వైపు, అంటే డాబా మీద పరిచిన తీగల వైపు, 10 ఓమ్‌లు పోతాయనుకుందాం. ఇది ఉదారంగా వేసిన లెక్కే. 100 వాట్లు ఇస్తే సుమారు 9 వాట్లు గాలిలోకి, 28 కాయిల్‌లో, 60కి పైగా నేలలో పోతాయి. అదే కాయిల్‌ను రాడ్ నడుమకు ఎత్తితే కింది సగమంతా నిండు కరెంటు పారుతుంది, రేడియేషన్ రెసిస్టెన్స్ 3 ఓమ్‌లు దాటుతుంది. కానీ అప్పుడు కాయిల్ దాదాపు రెట్టింపు పెద్దది కావాలి. అయినా గాలిలోకి 15 వాట్లు వెళ్తాయి. చిత్రమేమిటంటే, అప్పుడు కాయిల్ మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ముట్టుకుంటే కాలుతున్న కాయిల్‌ను చూసి యాంటెన్నా చెడ్డదని తీర్పు చెప్పేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు.

అయితే నడుమ మేలైతే కొనన ఇంకా మేలు కదా అని అడగవచ్చు. కాయిల్ పైకి జరిగేకొద్దీ దాని పైన మిగిలే రాడ్ తగ్గుతుంది, కావలసిన చుట్లు విపరీతంగా పెరుగుతాయి, నష్టం లాభాన్ని మింగేస్తుంది. కొన మీద పెట్టాల్సింది కాయిల్‌ను కాదు, టోపీని. రాడ్ తలన మీటరుకు కాస్త లోపు వెడల్పున్న చువ్వల చక్రం బిగిస్తే, కరెంటు కొన దాకా సున్నా కాకుండా ఆ చక్రంలోకి పారుతుంది. అడుగు కాయిల్ సగానికి సగం తగ్గిపోతుంది. ఆ లెక్కలోనే గాలిలోకి వెళ్లేది 20 వాట్ల దాకా వస్తుంది. గొడుగు చువ్వలంత పనికి రెట్టింపు ఫలితం! హ్యామ్‌లు ఈ టోపీని ఎందుకింత నిర్లక్ష్యం చేస్తారో నాకు అర్థం కాదు. గాలికి ఊగుతుందన్న భయమైతే నైలాన్ తాళ్లున్నాయి.

నా మాటకు అసలైన అభ్యంతరం ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ నుంచి, అంటే యాంటెన్నా కేబుల్‌కు ఎంత బాగా కుదిరిందో చూపే మీటర్ నుంచి, వస్తుంది. ‘వన్ టు వన్ చూపిస్తోంది, ఇంకేం కావాలి?’ అంటారు. 1.4 ఓమ్‌ల రాడ్, మధ్యలో మ్యాచింగ్ ఏదీ లేకుండా, 50 ఓమ్‌ల కేబుల్‌కు అంత చక్కగా కుదిరిందంటే మిగతా 48 ఓమ్‌లు ఎక్కడివి? అన్నీ వేడే. అలాంటి యాంటెన్నాలో 100కి 3 వాట్లు కూడా బయటికి పోవు. నిజానికి కాయిల్‌ను బాగుచేసి, నేల తీగలు పెంచిన కొద్దీ ఆ మీటర్ రీడింగ్ చెడిపోవాలి. అప్పుడు అడుగున మ్యాచింగ్ పెట్టుకోవాలి. ఇంకో అభ్యంతరం: ‘ఇదే రాడ్‌తో యూరప్ దాకా మాట్లాడాం, వినిపించేవన్నీ వినిపిస్తున్నాయి.’ వినడం దీనికి సాక్ష్యం కాదు. ఈ బ్యాండ్లలో బయటి గోల రిసీవర్ గోలకన్నా చాలా ఎక్కువ. నష్టమున్న యాంటెన్నా స్టేషన్‌నూ గోలనూ ఒకే పాలున తగ్గిస్తుంది, కాబట్టి తేడా తెలియదు. ఇక మాట్లాడటం అంటారా, అయనోస్ఫియర్ దయతలచిన రోజున 3 వాట్లతో కూడా ఖండాలు దాటొచ్చు. దయ లేని రోజున ఈ నష్టం ఖరీదు తెలుస్తుంది.

న్యాయమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆరో అంతస్తు స్లాబ్ మీద నేల నష్టం 10 కాదు, 30 ఓమ్‌లు ఉండొచ్చు. అప్పుడు కాయిల్ కోసం ఇంత తాపత్రయం దేనికని. రాగి తీగ మందం కోసమైతే ఆ మాట నిజమే. కానీ కాయిల్ ఉన్న చోటు విషయంలో తలకిందులవుతుంది. నేల ఎంత చెడ్డదైతే రేడియేషన్ రెసిస్టెన్స్ పెంచడం అంత లాభం: అడుగు కాయిల్‌తో 4 శాతం దగ్గర ఆగేది నడుమ కాయిల్‌తో దాదాపు రెట్టింపవుతుంది.

ఇదంతా హాబీవాళ్ల చిల్లర లెక్క అనుకునేవారు వికారాబాద్ వైపు చూడాలి. దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అడవి పోతుందన్న బాధ స్థానికుల్లో తీవ్రంగా ఉంది, అది సబబైన బాధ. అంత జాగా ఎందుకన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఈ పిట్టగోడ లెక్కలోనే ఉంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. అందులో పావు వంతు ఎత్తున టవర్ కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ప్రపంచంలో ఏ వీఎల్ఎఫ్ యాంటెన్నా అయినా పొట్టిదే. స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో 1920లలో ఇంజనీరు అలెగ్జాండర్సన్ పద్ధతిలో నిలబెట్టిన, 17.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే 6 టవర్లు ఒక్కొక్కటీ 127 మీటర్లు. తరంగం మాత్రం 17 కిలోమీటర్ల పైనే. ఆయన కాయిల్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. తలన సుమారు 2 కిలోమీటర్ల తీగల టోపీ పరిచాడు, ప్రతి టవర్ దగ్గరా ఒక తీగను కిందికి దించి విడి కాయిల్ ద్వారా నేలకు కలిపి, నేల నష్టాన్ని పంచి తగ్గించాడు.

మన డాబా మీద అదే పద్ధతి చిన్న కొలతలో సాధ్యమే. నాలుగు దిక్కులా పిట్టగోడ వెంట తీగలు, రాడ్ తలన చువ్వల చక్రం, చేతికి అందని ఎత్తున కాయిల్. 100 వాట్లకే దాని కొనల మధ్య 2,000 వోల్టులు దాటుతాయి, డాబా మీద బట్టలారేసేవాళ్లూ పిల్లలూ తిరుగుతారు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పక్కన పెట్టి, ఫెర్రైట్ రింగ్ మీద కొన్ని చుట్లు, ఒక డయోడ్, ఒక చిన్న మీటర్‌తో కరెంటు కొలిచే పరికరం చేసుకోవాలి. వాట్లు బాగా తగ్గించి, దాన్ని ఎండిన కర్రకు కట్టి, రాడ్‌కు తొడిగి కింది నుంచి పైకి జరుపుతూ పోతే కాయిల్ కింద ఎంతుందో, పైన ఎంతుందో, కొన దగ్గర ఏం మిగిలిందో ముల్లు చూపిస్తుంది.