ముల్కీ భార్య

1919 నాటి ముల్కీ నిబంధనల్ని నేను సాహిత్య పాఠ్యాన్ని చదివినట్టే చదివాను. హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కొలువుకి అర్హులైన స్థానికులెవరో తేల్చే రాత అది. పుట్టుకతో ముల్కీ కావచ్చు. బయటినుంచి వచ్చినవాడైతే 15 ఏళ్లు స్థిరంగా ఉండి, సొంతూరికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇచ్చి కావచ్చు. స్త్రీ కోసమని విడిగా రాసిన క్లాజులో నివాసమూ లేదు, ప్రమాణమూ లేదు. ముల్కీకి భార్య అయితే చాలు!

ఈ రాతను మా నవీపేట్ వైపునుంచి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయింది. కాలువ కింద వరి పండించడం తెలిసిన కోస్తా రైతుల రాకను సర్కారు ప్రోత్సహించింది. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. అదే సర్కారు ఆఫీసు గుమ్మం దగ్గర గైర్‌ముల్కీని ఆపింది. నేలకు అవసరమైన పరాయివాడు వేరు, కుర్చీకి పోటీ వచ్చే పరాయివాడు వేరు.

యూరప్‌లోనూ ఇదే లెక్క. 1685లో ఫ్రాన్స్ వెళ్లగొట్టిన ప్రొటెస్టెంట్లను బ్రాండెన్‌బర్గ్ పన్ను మినహాయింపులిచ్చి పిలిచింది. దయతో మాత్రమే కాదు, ముప్పై ఏళ్ల యుద్ధం జనాన్ని ఊడ్చేసిన నేలకు చేతిపనివాళ్లు కావాలి. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని రప్పించుకున్న పశ్చిమ జర్మనీ, 1973లో తలుపులు మూసింది.

1952 ముల్కీ ఉద్యమంలోని కోపం న్యాయమైనదే. దొంగ సర్టిఫికెట్లతో కొలువులు తన్నుకుపోతుంటే ఎవరూరుకుంటారు? నా పేచీ ఆ కోపంతో కాదు, 'స్థానికత'ను మగవాడి చిరునామాగా రాసిన రాజ్యంతో.

మా జిల్లాలో వలస రైతుల ఊళ్లు కొన్నింటికి ఇప్పటికీ పేరు చివర 'క్యాంపు' ఉంది. మనవలు పుట్టినా మజిలీ మాట పోలేదు. అయినా క్యాంపుకి పేరుంది, పట్టా ఉంది. ఆ మళ్లలో నాట్లేసిన, కలుపు తీసిన ఆడవాళ్లకు ఏ కాగితముంది? పొరుగున మహారాష్ట్రలో చెరకు కొట్టే భార్యాభర్తల్ని కలిపి ఒకే 'కోయితా'గా లెక్కగడతారు. ఇద్దరి చేతులు, ఒక్క కత్తి పేరు. సర్కారు క్లాజూ, ముఠామేస్త్రీ లెక్కా ఒకే వ్యాకరణంలో నడుస్తున్నాయి.

బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ మూతమీద వచ్చే రచనల్లో రైతు బకాయిలు, కార్మికుల జీతాలు కనిపిస్తాయి. కనిపించాలి కూడా. కానీ వలస గురించి కథ రాసేటప్పుడు ఎవర్ని రమ్మన్నారు, ఎవర్ని పొమ్మన్నారు అనే రెండు ప్రశ్నలతో ఆగకూడదు. ఎవర్ని అసలు లెక్కలోకే తీసుకోలేదన్న మూడో ప్రశ్న మనమే అడగాలి.