రెండో రోజు పొద్దున

సైకిల్ యాత్రలో మొదటి రోజు ఎవరైనా తొక్కేస్తారు. కాళ్లు సహకరించకపోయినా ఉత్సాహం లాక్కుపోతుంది. అసలు యాత్ర మొదలయ్యేది రెండో రోజు పొద్దున. నిన్నటి ఎండ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. తొడలు బిగుసుకుపోయి ఉంటాయి. తాకితేనే నొప్పెట్టే చోటును మళ్లీ తెచ్చి అదే సీటు మీద ఆన్చాలి. ఆ పొద్దున మనిషి ఇష్టంగా సైకిలెక్కాడంటే ఆ సెలవు బాగా గడిచినట్టే. బయల్దేరే ముందు చేసే ప్రతి ఏర్పాటూ ఆ పూటను దృష్టిలో పెట్టుకునే చేయాలని నా నమ్మకం.

ఈ ఫిబ్రవరిలో మా మేనల్లుడూ అతని భార్యా మొదటిసారి సైకిళ్ల మీద సెలవుకు వస్తున్నారు. హైదరాబాదు నుంచి రాజమండ్రికి రైల్లో వచ్చి, అక్కణ్ణించి కోనసీమ మీదుగా అంతర్వేది దాకా తొక్కుతారు. "మావయ్యా, రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోమంటావు? వంద?" అని ఫోన్లో అడిగాడు. "నలభై పెట్టుకోరా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. వంద తొక్కగలిగే వయసువాడు మరి, నలభై అంటే చిన్నతనంగా ఉండి ఉంటుంది.

నలభై ఎందుకో చెబుతాను. సామాను కట్టిన సైకిలు కొత్తవాళ్ల కాళ్ల కింద గంటకు పదిహేను కిలోమీటర్లకు మించి పోదు. ఆ లెక్కన నలభై అంటే మూడు గంటల తొక్కుడు. టీలకూ, టిఫినుకూ, ఫొటోలకూ ఇంకో గంటన్నర వేసుకోండి. ఆరింటికి బయల్దేరితే పదిన్నరకల్లా బసకు చేరతారు. డెల్టాలో ఆ వేళ మించకుండా ఉండటం ముఖ్యం. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. అంతర్వేది వెళ్లేవాళ్లు సముద్రం వైపే తొక్కుతారు కనుక ఆ గాలి ఎదురుగాలి అవుతుంది. కోనసీమలో కొండల్లేవు. ఉన్న కష్టమంతా ఈ గాలే. పొద్దున గంటలో పోయే దూరానికి మధ్యాహ్నం గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి, ఇది ఆగుతూ పోవాల్సిన దారి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట కథంతా అక్కడ చూడొచ్చు. ఇప్పుడున్న బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటితే కాలవ గట్టు అందుకుంటారు. ఆత్రేయపురంలో వేడి కుండ మీద పూతరేకు తీసే చెయ్యిని నిలబడి చూడకుండా ఎవరైనా వెళ్లిపోతారా? తర్వాత లొల్ల లాకులు, ర్యాలి గుడి. రావులపాలెం చేరేసరికి నలభైకి కాస్త అటూ ఇటూ అవుతుంది. వంద కిలోమీటర్ల మనిషి వీటన్నిటి పక్కనుంచీ దూసుకుపోతాడు, ఏదీ చూడడు. అది నాకు బాధగా ఉంటుంది. మొదటి యాత్రకు ఈ దారే ఎంచుకోమనడానికి కారణం కూడా ఉంది. కాలవ నీళ్లు తమంత తామే పారాలి కనుక ఆ కాలవలను నేల వాలు చూసుకుని తవ్వారు. వాటి గట్ల మీద దారికీ ఆ వాలే వస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు తప్ప గేరు గుర్తుకు రాదు.

సాధన సంగతికొస్తే, ఒక ఆదివారం ఎనభై తొక్కడం కంటే శనివారం పాతిక, ఆదివారం పాతిక తొక్కడం నయం. వరసగా రెండు రోజులు తొక్కితేనే ఏ నరం లాగుతుందో, ఏ చర్మం ఒరుస్తుందో తెలుస్తుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన ట్రాక్ ఉంది. సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల నున్నటి దారి. మావాళ్లు అక్కడే తొక్కుతున్నారు. కాళ్లకు అది చాలు. నడుముకూ చేతులకూ మాత్రం చాలదు. గతుకులున్న ఊరి రోడ్డు మీద, అదీ యాత్రకు కట్టబోయే సామానంతా కట్టుకుని, కనీసం ఒక శని, ఆదివారాలు తిరిగి రమ్మన్నాను. బరువున్న సైకిలు బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది, మలుపులో వెనకభాగం ఊగుతుంది. ఇవి ముందే చేతికి అలవాటు కావాలి.

సీటు గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి యాత్రలు ఎక్కువగా చెడేది అక్కడే. సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖమని కొత్తవాళ్లు అనుకుంటారు. మెత్తటి సీట్లో మనిషి దిగబడిపోతాడు. అప్పుడు బరువు పిరుదుల కింద ఉన్న రెండు ఎముకల మీద ఆగకుండా వాటి మధ్యనున్న కండ మీద పడుతుంది. గంట తర్వాత తిమ్మిరి మొదలవుతుంది. ఆ రెండు ఎముకలూ సరిగ్గా ఆనేంత వెడల్పు, కాస్త గట్టిదనం ఉన్న సీటు కావాలి. ఎత్తు చూసుకోవడం తేలిక. గోడ పట్టుకుని సైకిలెక్కి, మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు పూర్తిగా సాగాలి. తర్వాత పాదం ముందుభాగం పెడలు మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అంతే. సీటు కిందికుంటే మోకాలి ముందువైపు నొప్పి, మరీ పైకుంటే మోకాలి వెనక నొప్పి వస్తుంది. పక్కనుంచి ఎవరినైనా చూడమనండి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టు.

ప్యాడ్ ఉన్న నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ మాట దుకాణాల్లో మొహమాటపడి చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. లోదుస్తుల కుట్టు దగ్గరే చర్మం ఒరిసి పుండవుతుంది. ఒరుసుకునే చోట కొబ్బరినూనో వ్యాజిలీనో రాసుకోవాలి. నిక్కర్లు రెండుండాలి, ఏ రోజుది ఆ రోజు ఉతకాలి. పదిన్నరకు బస చేరమనడానికి ఇదీ ఒక కారణమే. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. సాయంత్రం ఉతికింది తెల్లారేసరికి ఆరదు. పదకొండింటికి ఉతికి ఎండలో వేస్తే రెండో రోజు పొద్దున పొడి నిక్కరు తొడుక్కోవచ్చు. చేతుల సంగతీ చూసుకోవాలి. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని అర్థం. పది నిమిషాలకోసారి పట్టు మార్చాలి.

సామాను వీపున మోయొద్దు. వీపు సంచి బరువంతా చివరికి సీటు మీదికే దిగుతుంది. వెనక క్యారియర్‌కు రెండు వైపులా సమంగా సంచులు కట్టి, బరువైనవి అడుగున పెట్టుకోవాలి. బరువు పెరిగితే వెనక చక్రంలో, అదీ చైను వైపున, పుల్లలు తెగుతాయి. అందుకే బయల్దేరే ముందు వెనక చక్రాన్ని మంచి మేస్త్రీకి చూపించి, పుల్లల బిగువు సరిచేయించి, బెండు తీయించాలి.

మేస్త్రీ అంటే గుర్తొచ్చింది. మన పల్లెల్లో సైకిల్ షాపులు తగ్గాయిగానీ, ఉన్నచోట పనితనం గొప్పది. చక్రం తిప్పి చూపుతోనే వంకర పట్టే మనుషులున్నారు. కాకపోతే వాళ్ల దగ్గర ఉండేది పాత సైకిళ్ల సామాను. మీ సన్న టైరుకు సరిపడే 700సి ట్యూబు కొత్తపేటలోనో రాజోలులోనో దొరుకుతుందని నమ్ముకోకూడదు. సన్న వాల్వు ట్యూబుకు అక్కడి పంపు కూడా పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఆ చిక్కు తీరుతుంది. మనిషికి రెండు ట్యూబులు, టైరు విప్పే పలకలు, ప్యాచ్‌లు, సొల్యూషన్, చేతి పంపు, అలెన్ కీలు తీసుకెళ్లాలి. వెనక చక్రం విప్పి మళ్లీ బిగించడం ఇంట్లో నేర్చుకోవాలి. ఇద్దరూ నేర్చుకోవాలి. అది మొగుడి పని అని వదిలేయకూడదని మేనల్లుడి భార్యకు విడిగా ఫోన్ చేసి చెప్పాను. "నేనే ముందు నేర్చుకున్నాను మావయ్యగారూ" అంది. చాలా సంతోషమేసింది.

ఈ విషయంలో నాకు గురువు ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీ. పదేళ్ల వయసులో పుట్టినరోజుకు సైకిలూ అట్లాసూ కానుకగా వస్తే, ఇండియా దాకా తొక్కుతానని అప్పుడే నిశ్చయించుకుంది. 1963లో బయల్దేరి ఢిల్లీ చేరింది. ఆమె చేసుకున్న ఏర్పాట్లలో రెండు నాకు ఎప్పుడూ గుర్తుంటాయి. ఆ దారులకు తట్టుకోవని సైకిలుకున్న గేర్లు తీయించేసింది. దారిలో దొరకవని టైర్లను ముందుగానే మజిలీలకు పంపించుకుంది. ఖరీదైన సైకిలు కోసం కాకుండా, దారిలో బాగుచేసుకోగలిగే సైకిలు కోసం చూసిందామె. మావాళ్ల దగ్గరున్నవి మామూలు హైబ్రిడ్ సైకిళ్లు. కొత్తవి కొంటామంటే వద్దన్నాను.

తిండి గురించి కంగారు అక్కర్లేదు, అది కోనసీమ. ఒక్క జాగ్రత్త చాలు. దారి పొడుగునా కొబ్బరిబొండాలు దొరుకుతాయి కదా అని వాటితోనే సరిపెట్టుకోకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో నీళ్లతో పాటు పోయేది ఎక్కువగా ఉప్పే. అందుకని మధ్యలో ఉప్పేసిన మజ్జిగ కూడా తాగాలి. ఆకలేసేదాకా ఆగకుండా గంటకోసారి ఒక అరటిపండు తినాలి. రావులపాలెం పెద్ద అరటి మార్కెట్టే.

రెండో రోజు రావులపాలెం నుంచి అమలాపురం, ఇంకా తక్కువ దూరం. మూడో రోజు అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా రాజోలు. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలవను దాటించిన అక్విడక్టు దగ్గర తప్పకుండా దిగాలి. కింద నది, పైన కాలవ. నాలుగో రోజు అంతర్వేది. తేదీలు ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూడమన్నాను. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సమయంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో గది దొరకదు, రోడ్డు మీద సైకిలుకు చోటుండదు.

తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ట దాటితే నరసాపురం. అక్కడ రైలుంది. సైకిళ్లను స్టేషన్ పార్సెల్ ఆఫీసులో బుక్ చేయాలి, కాబట్టి రైలు వేళకు బాగా ముందే చేరాలి. ఏ కారణం వల్లనైనా పంటు తిరగకపోతే దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు పోవచ్చు, అదే లైన్లో స్టేషనుంది. దూరం కొంచెం పెరుగుతుంది. అందుకే ఆఖరి రోజుకు వేరే పనేమీ పెట్టుకోవద్దన్నాను.